మిల్లు మలుపు

ట్రాము డిపో, డ్రైవర్ల గది
సోమవారం

పూజ్యులైన అత్తయ్యగారికి,

అల్లుడు నమస్కరించి రాస్తున్నది. మీరు ఫోను ఎత్తడం మానేశారని మీ పక్క క్వార్టర్సు నర్సుగారు చెప్పారు. ఆ కబురు మీరు విన్నది అందులోనే కదా, ఇక దాన్ని ముట్టుకోబుద్ధి కావడం లేదని అర్థమయింది. నాకూ ఫోనులో నోరు పెగలడం లేదు. అందుకే ఈ ఉత్తరం.

డ్రైవరు పరీక్ష గట్టెక్కాను. ఇన్నేళ్ళు సిటీ బస్సు నడిపినవాణ్ణి, ట్రాము నాకో లెక్కా అనుకున్నాను. మొదటివారమే ఆ పొగరు దిగిపోయింది. మాకు నేర్పే పెద్దాయన్ని అందరం గురువుగారంటాం. ఏదైనా అడ్డం వచ్చినప్పుడల్లా నా చేతులు వాటంతటవే స్టీరింగు కోసం తడుముకునేవి. ఇక్కడ స్టీరింగు ఉండదు. "పక్కకి తప్పించే ఆలోచన మర్చిపోవయ్యా. గంట కొట్టడం, ఆపడం, ఈ రెండే నీ చేతిలో ఉన్నాయి" అని ఆయన తిట్టని రోజు లేదు.

ఇప్పుడు ప్రయాణికులు లేకుండా నడిపి చూస్తున్నాం. మనుషుల బరువుకి బదులు సీట్లలో ఇసుక బస్తాలు కూర్చోబెట్టారు. బట్టల బజారు దగ్గర దుకాణాలవాళ్ళు బయటికొచ్చి మరీ చూస్తున్నారు. రోడ్డంతా తవ్వి రెండేళ్ళు దుమ్ము తినిపించామని మొన్నటిదాకా మమ్మల్ని కడిగేసినవాళ్ళే. నిన్న ఒకాయన "బస్తాలకి టిక్కెట్టు కొట్టావా?" అని అరిచాడు. చాలా రోజుల తర్వాత నాకు నవ్వొచ్చింది. వెంటనే సిగ్గేసింది.

ఇక అసలు సంగతి. మిల్లు మలుపు స్టాపుకి మీ అమ్మాయి పేరు పెట్టడానికి కార్పొరేషన్‌వాళ్ళు ఒప్పుకున్నారు. ఈ లైను కట్టడంలో ప్రాణం పోయింది తనొక్కర్తిదే. పెద్ద ఆఫీసరు నన్ను పిలిపించి, కుర్చీ వేయించి మరీ చెప్పాడు. నీలం మీద తెల్ల అక్షరాలతో బోర్డు పెడతారట. బండిలో మైకు కూడా ఆ పేరే చెబుతుంది. నేను వెంటనే సరేనన్నాను. లైను ప్రారంభమయ్యే రోజున మీరు ముందువరసలో ఉండాలి. నేను వచ్చి తీసుకువెళతాను.

విచారణ కూడా ముగిసింది. అందులో మనకి కావలసిందేమీ లేదు. మీరు దాని గురించి మనసు పాడుచేసుకోకండి.

మీ అల్లుడు


ఆసుపత్రి, కుట్టుగది
శుక్రవారం

అల్లుడు బాబుకి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందేసరికి ఆపరేషను గౌన్లకి నాడాలు కుడుతున్నాను. చదువుకుని మళ్ళీ మిషను ముందు కూర్చుని, నాడాలన్నీ లోపలివైపుకి కుట్టేశాను. సాయంత్రందాకా విప్పుకోవడమే సరిపోయింది.

పరీక్ష నెగ్గావు, సంతోషం. ఫోను సంగతి నువ్వనుకున్నది సగం నిజం. మిగతా సగం నా చెవులు. ముప్పై ఏళ్ళ నుంచి మిషన్ల మధ్య కూర్చుంటే ఇంకేం మిగులుతాయి? కాగితమైతే అరవక్కర్లేదు.

పేరు సంగతి. నన్నో మాట అడిగి ఉండాల్సింది. నువ్వు దాని మొగుడివి, కాదనను. కానీ ఆ పేరు పెట్టింది నేను. ప్రసవాల వార్డులో, ఇప్పుడు నేను కూర్చున్న చోటికి రెండు గోడల అవతల పెట్టాను. నువ్వు దాన్ని పేరుతో పిలవడం నేనెప్పుడూ వినలేదు. "ఇదుగో", "ఏమోయ్", కోపమొస్తే "ఓ మహాతల్లీ". అలాంటిది ఇప్పుడు మైకు పిలుస్తుందా దాన్ని, పొద్దుట్నుంచి రాత్రిదాకా?

జనం ఎలా మాట్లాడతారో ఆలోచించావా? ఫలానా దగ్గర దిగి ఎడమవైపు తిరుగు అంటారు. ఫలానా దగ్గర నిన్నంతా మురుగు పొంగింది అంటారు. ఫలానా దగ్గర ఎవడో జేబు కొట్టేశాడు అంటారు. ఏడాది తిరిగేసరికి అదొక మనిషి పేరని ఎవరికీ గుర్తుండదు. నా పిల్ల పేరు నా దగ్గరుంది. దాన్ని రోడ్డు మీద పెట్టొద్దని చెప్పు వాళ్ళతో.

ఇంకొకటి. విచారణలో మనకి కావలసిందేమీ లేదని రాశావు. నాకేం కావాలో నీకెలా తెలుసు? ఏం తేల్చారో రాయి.

అత్తయ్య


డిపో వెనక వీధి, అద్దెగది
ఆదివారం

పూజ్యులైన అత్తయ్యగారికి,

మిమ్మల్ని అడగకుండా సరేననడం నాదే పొరపాటు. ఒప్పుకుంటున్నాను. కానీ ఇప్పుడు వద్దనడానికి లేదు. బోర్డు తయారై వచ్చేసింది. స్టోరులో గోడకి ఆనించి పెట్టారు, నేను చూసి వచ్చాను. అక్షరాలు బాగున్నాయి.

నా వైపు నుంచి కూడా కాస్త చూడండి. తను వెల్డింగు చేసిన పట్టాల మీద బండి నడపడం నా ఉద్యోగం. మిల్లు మలుపు దాటాక, బజారు ఇంకా రాకముందు, ఆ గొయ్యి తవ్విన చోటు ఉంది. ఇప్పుడు అక్కడ కొత్త రాళ్ళు పరిచేశారు. పక్కరాళ్ళకి వీటికి రంగులో చిన్న తేడా, అంతే. వానలు పడితే అదీ ఉండదు. ఏ గుర్తూ లేకుండా దాని మీదుగా రోజూ వెళ్ళమంటారా నన్ను?

మేమిద్దరం మొదట కలుసుకున్నదీ ఆ రోడ్డు మీదే. మీకు చెప్పే ఉంటుంది. నా బస్సుకి అడ్డంగా పట్టాలు పడేసి పని చేసుకుంటున్నారు. నేను ఆపకుండా హారను కొట్టాను. ముఖానికి పెట్టుకున్న మాస్కు పైకెత్తి నా కిటికీ దగ్గరికొచ్చింది. "హారను కొడితే పట్టా అతుక్కుంటుందా? అతుక్కుంటుందంటే చెప్పు, నేను ఇంటికెళ్ళి పడుకుంటా" అంది. బస్సులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేను దిగి క్షమించమని అడిగాను. మర్నాడు కూడా అదే రోడ్డు మీద వెళ్ళాను, అది నా రూటు కాకపోయినా.

విచారణ గురించి మళ్ళీ అడిగారు. ప్రమాదం అన్నారు. అంతే.

అత్తయ్యగారూ, ఒకటి అడగాలని ఉంది. మాకు పిల్లలు లేరు. ఇప్పుడు తను కూడా లేదు. ఈ ఉత్తరాల కింద "మీ అల్లుడు" అని రాసేటప్పుడు ఆ మాట ఇంకా చెల్లుతుందా లేదా అని చెయ్యి ఆగుతోంది. మీకు నేనేమవుతాను?

మీ అల్లుడు


ఆసుపత్రి క్వార్టర్సు
బుధవారం

అయ్యా,

మీ ఉత్తరం అందింది. దానికంటే ముందు మా ఇంటికి ఒక మనిషి వచ్చింది. అమ్మాయితో కలిసి వెల్డింగు చేసిన పొడుగావిడ. మీరంతా పొడుగు అని పిలుస్తారట. గుమ్మంలో తల వంచి లోపలికొచ్చి, ఎత్తకుండా అలాగే కూర్చుంది. టీ ఇస్తే చల్లారిపోయేదాకా పట్టుకునే ఉంది.

"పిన్నీ, నిద్ర పట్టడం లేదు" అంది.

"నాకూ పట్టడం లేదు. చెప్పు" అన్నాను.

ఆమె చెప్పింది విన్నాను. చెవులు సరిగ్గా లేవు కదా, రెండేసిసార్లు చెప్పించుకున్నాను. ఆ పిల్లకది నరకంలా ఉండి ఉంటుంది.

పట్టాల కింద నుంచి కరెంటు తీగలు పోవడానికి ఇనుప గొట్టం వేస్తున్నారు. గొయ్యి మనిషి లోతుకి మించిపోయింది. మట్టి కూలకుండా రెండువైపులా చెక్కలు పెట్టి దన్నులు బిగించారు. మధ్యాహ్నం మేస్త్రీ ఆ దన్నులు తీయించి అవతలి గోతికి పంపాడు. రెంటికీ సరిపడా లేవు. గొట్టం అతకడానికి దిగమంటే అమ్మాయి దిగనంది. "దన్నులు రానీ, దిగుతాను" అని గట్టు మీద కూర్చుంది. మేస్త్రీ ఎవరితోనో ఫోనులో మాట్లాడి వచ్చి, "కాంక్రీటు లారీ బయల్దేరిందట. దన్నులు వచ్చేస్తున్నాయిలే, ఈలోపు నువ్వు మొదలుపెట్టు" అన్నాడు. అది దిగింది. దన్నులు రాలేదు.

"మరి విచారణలో ఈ మాట చెప్పలేదా?" అని అడిగాను.

"ఆమె గోతిలోకి దిగడం చూశావా అన్నారు పిన్నీ. చూశానన్నాను. ఇంకేం అడగలేదు. నేనూ చెప్పలేదు" అంది. అప్పుడు ఏడ్చింది.

వాళ్ళు రాసుకున్నది కూడా ఆమె చెబితేనే తెలిసింది. కార్మికురాలి అజాగ్రత్త వల్ల జరిగింది, అనుమతి లేకుండా గోతిలోకి దిగింది అని. ఈ సంగతి మీకు ముందే తెలుసు. తెలిసి నాకు "ప్రమాదం అన్నారు, అంతే" అని రాశారు. ఒక చేత్తో దానిదే తప్పని రాసి, రెండో చేత్తో బోర్డు ఇస్తే, మీరు కుర్చీలో కూర్చుని తీసుకున్నారు.

మీరు నాకేమవుతారని అడిగారు. ఇవాళ నన్ను ఆ ప్రశ్న అడగకండి.

ఇట్లు,
అమ్మాయి తల్లి


అద్దెగది
శనివారం

అత్తయ్యగారికి,

మీరు నన్ను "మీరు" అన్నారు. పెళ్ళినాడు కూడా అనలేదు.

పొడుగు చెప్పిన సంగతి నాకు తెలియదు. నిజంగా తెలియదు. విచారణ జరిగిన రోజు నేను వెనక బల్ల మీద కూర్చున్నాను. అంతా చదివి వినిపించారు. అజాగ్రత్త అన్న మాట వచ్చినప్పుడు లేచి నిలబడ్డాను. "ఏమైనా చెప్పాలా?" అని అడిగారు. ఏం చెప్పను? నేను అక్కడ లేను. కూర్చున్నాను. ఆ మాట మీ చెవిన పడకూడదని మాత్రం అనుకున్నాను. బోర్డు అంటూ ఒకటి ఉంటే, ఆ రాసినది ఎవరూ చదవరనుకున్నాను.

ఇంకా ఒకటుంది, అది రాయకపోతే ఈ ఉత్తరం కూడా అబద్ధమే అవుతుంది. నేను ఆ మాట సగం నమ్మాను. తన తొందర మీకు తెలుసు. పొయ్యి మీద పాలు పెట్టి మేడ మీదకి పరుగెత్తేది. తాళం వేయకుండా వీధి చివరిదాకా వెళ్ళిపోయేది. దన్నులు లేకపోయినా ఒక్క నిమిషంలో పని తేల్చేద్దామని దిగి ఉంటుందని అనుకున్నాను. అనుకుని, తన మీద కోపం కూడా తెచ్చుకున్నాను. ఇంట్లో ఒక్కణ్ణే గోడతో పోట్లాడాను, నన్ను ఎందుకిలా చేశావని.

ఇప్పుడు ఏం చేయాలో తెలియడం లేదు. విచారణ మళ్ళీ తెరిపించాలంటే భార్య పోయినవాడిగా నేనే అడగాలట. గురువుగారితో మాట్లాడాను. "అడుగు. అడిగితే మాత్రం ప్రారంభం రోజున నీ చేతికి బండి ఇవ్వరు, అది తెలిసి అడుగు" అన్నాడు. ఇంకా పర్మనెంటు కాలేదు నేను.


ఆసుపత్రి, కుట్టుగది
మంగళవారం

బాబూ,

దాచినందుకు కాదు నాకు కోపం వచ్చింది. నన్ను కాపాడాలనుకున్నావు, తెలివితక్కువగా కాపాడావు, అది నాకర్థమవుతుంది. నమ్మావే, అక్కడ తగిలింది. కానీ రాశావు చూడు. రాయకపోతే నాకు తెలిసేది కాదు. అందుకని మళ్ళీ బాబు అంటున్నాను.

దాని తొందర నాకు కొత్త కాదు. పాలు పొంగించింది, తాళాలు పోగొట్టింది, తొందరలో నిన్ను కట్టుకుంది. పని దగ్గర మాత్రం వేరే మనిషి. వెల్డింగు నేర్చుకున్న కొత్తలో ఇంటికి వచ్చినప్పుడు, నా మిషను పెడలు విరిగితే అతికిపెట్టమన్నాను. మామూలు ఇనుము కదా, ఐదు నిమిషాల పని. మంచం కిందవన్నీ బయటికి లాగించింది, పరుపు తీయించింది, బకెట్టుతో నీళ్ళు తెచ్చుకుంది, నన్ను వీధిలో నిలబెట్టింది. "అమ్మా, నాకు భయం ఎక్కువ. భయం ఉన్నవాళ్ళనే ఈ పనిలో ఉంచుతారు" అంది. వీధిలో నిలబడి ఎండలో మాడాను. ఆ పెడలు ఇప్పటికీ నా కాలి కిందే ఉంది.

ఆ పిల్ల దన్నుల్లేని గోతిలోకి సరదాకి దిగలేదు. దిగమన్నారు కాబట్టి దిగింది.

పొడుగు చెబుతానంది. ఈసారి అడగకపోయినా చెబుతానంది. ఉద్యోగం సంగతి నేను నీకు చెప్పలేను, నీ పొట్ట నీది. కానీ నువ్వు అడగకపోతే నేను సెలవు పెట్టి వచ్చి ఆ ఆఫీసు మెట్ల మీద కూర్చుంటాను. వాళ్ళు చెప్పేది నాకు ఎటూ వినపడదు కాబట్టి, లేవమన్నా లేవను.

అత్తయ్య


డిపో, ఇసుక షెడ్డు
గురువారం

పూజ్యులైన అత్తయ్యగారికి,

చాలా వారాలు రాయలేదు. ఒక కొలిక్కి వచ్చాక రాద్దామని ఆగాను.

మీ ఉత్తరం అందిన మర్నాడే అడిగాను. కుర్చీ వేయించిన ఆఫీసరు ఈసారి నిలబెట్టే మాట్లాడాడు. "మేము మీ ఆవిడకి గౌరవం చేస్తుంటే మీరు మా మీదకి వస్తారా?" అన్నాడు. "గౌరవం వద్దండీ, జరిగింది జరిగినట్టు రాయండి" అన్నాను. ముందే అనుకుని వెళ్ళిన మాట కాదు, నోట్లోంచి వచ్చేసింది.

గురువుగారు చెప్పినట్టే నన్ను బండి మీద నుంచి దింపారు. ట్రాముకి బ్రేకు గట్టిగా పట్టాలంటే చక్రాల ముందు పొడి ఇసుక పడాలి. ఆ ఇసుకని వేయించి, జల్లించి, డబ్బాల్లో నింపే షెడ్డుకి వేశారు. ప్రారంభం రోజున కూడా ఇక్కడే ఉన్నాను. బ్యాండు మోత వినపడింది. తర్వాత మొదటి బండి డిపో గేటు దాటుతూ గంట కొట్టింది. నడిపింది గురువుగారు. షెడ్డు ముందుకి రాగానే ఎందుకో ఇంకోసారి కొట్టాడు. అక్కడ మనుషులూ లేరు, అడ్డమూ లేదు.

విచారణ పోయినవారం జరిగింది. పొడుగు గట్టిగా చెప్పింది. ఎంత గట్టిగానంటే, "మెల్లగా చెప్పమ్మా" అన్నారు. "మెల్లగా ఒకసారి చెప్పానండీ, సరిపోలేదు" అంది. మేస్త్రీ మొదట పాతపాటే పాడాడు. అప్పుడు విచారణ జరిపే అధికారి "ఆ సమయానికి దన్నులు ఎక్కడున్నాయి?" అని ఒక్కటే అడిగాడు. మేస్త్రీ టోపీ చేతుల్లో తిప్పుకుంటూ "అవతలి గోతిలో" అన్నాడు. ఎవరు పంపారంటే తనే అన్నాడు. లారీ వస్తోంది, ఆలస్యం చేయొద్దని ఇంజనీరుగారు ఫోను చేశారన్నాడు. ఇంజనీరు లేచి, తొందరగా కానివ్వమన్నాను గానీ దన్నులు తీయమనలేదన్నాడు. అది అబద్ధం కాకపోవచ్చు.

పాత మాట కొట్టేశారు. గోతికి దన్నులు లేవని, కార్మికురాలు అభ్యంతరం చెప్పినా దిగమన్నారని, ఆమె తప్పు లేదని రాశారు. మేస్త్రీని తీసేశారు. కాంట్రాక్టు కంపెనీకి జరిమానా వేశారు. ఇంజనీరుకి ఏమీ కాలేదు. బయటికి వచ్చాక మేస్త్రీ నా దగ్గరికి వచ్చాడు. ఏదో అంటాడనుకున్నాను. కాసేపు పక్కన నిలబడి వెళ్ళిపోయాడు. కొట్టాలని అనుకున్నవాణ్ణి, చెయ్యి లేవలేదు.

ఇక పేరు. "ఈ పరిస్థితుల్లో సబబు కాదు" అని దాన్ని ఆపేశారు. మిల్లు మలుపు, మిల్లు మలుపుగానే ఉంటుంది. ఆ బోర్డు రేకు మంచిదని పారేయలేదు. వెనక్కి తిప్పి "పట్టాలు దాటరాదు" అని రాయించి, బజారు దగ్గర పాతారు. తన పేరు ఇప్పుడు గోడవైపు ఉంది.

మీ అల్లుడు


ఆసుపత్రి క్వార్టర్సు
ఆదివారం

బాబూ,

ఉత్తరం చదివి, కుట్టుగదిలో అందరికీ పైకి చదివి వినిపించాను. "ఆమె తప్పు లేదు" అన్న చోట మిషన్లన్నీ ఆగాయి. నాకు వినపడదు కానీ బల్ల అదరడం ఆగితే తెలుస్తుంది. సంతోషం అని చెప్పలేను. గుండెల మీద నుంచి ఒకటి దిగింది, రెండోది అలాగే ఉంది.

ఆ బోర్డు సంగతికి మాత్రం నవ్వాను. పట్టాలు దాటొద్దని జనాన్ని గదమాయిస్తూ వెనకాల అది నిలబడి ఉందన్నమాట. ఈ ఉద్యోగమైతే దానికి ఇష్టమే.

నిన్ను ఇసుకలో ఎన్నాళ్ళు ఉంచుతారు?

అత్తయ్య


అద్దెగది
సోమవారం

పూజ్యులైన అత్తయ్యగారికి,

మీ ఉత్తరం వచ్చిన వారానికే బండి ఇచ్చారు. డ్రైవర్లు చాలక ఇచ్చారు, ప్రేమతో కాదు. ఏమైతేనేం, మూడువారాలుగా నడుపుతున్నాను.

ఇసుక బస్తాలే నయం. మనుషులు తలుపుల మధ్య గొడుగులు పెడతారు, మెట్టు మీద నిలబడి కబుర్లు చెబుతారు. కార్లవాళ్ళు పట్టాల మీద బండి ఆపి దుకాణంలోకి వెళతారు. గంట కొడుతూ కూర్చోవాలి. ఒకాయన అరటిపళ్ళ గెల కొనుక్కుని తాపీగా వచ్చి, "పక్కనుంచి పోలేవా?" అన్నాడు.

మిగతాదంతా అలవాటవుతోంది. మీరోసారి రావాలి. ఎప్పుడొస్తారో రాస్తే సెలవు పెడతాను.

మీ అల్లుడు


ఆసుపత్రి, కుట్టుగది
శుక్రవారం

నాయనా,

నీకు చెప్పకుండా వచ్చి వెళ్ళాను. కోపం తెచ్చుకోకు. చెబితే నువ్వు సెలవు పెడతావు, నన్ను చెయ్యి పట్టుకుని తిప్పుతావు, ఇద్దరం ఏడుస్తాం. నాకు నువ్వు నడుపుతుంటే చూడాలనిపించింది.

మొన్న బుధవారం పొడుగు నన్ను స్టేషన్లో కలుసుకుని, నీ బండి ఏదో కనుక్కుని వెనక తలుపు నుంచి ఎక్కించింది. చివరి సీట్లో కూర్చున్నాను. పక్కన ఒకమ్మాయి నిద్రపోతున్న పసిదాన్ని భుజాన వేసుకుని ఉంది. ముందు ఇద్దరు ముసలాళ్ళు, ఈ లైను వల్ల ఎవరికీ ఉపయోగం లేదని తిట్టుకుంటూ హాయిగా ప్రయాణం చేస్తున్నారు. నువ్వు బాగా నడుపుతున్నావు. ఆపినప్పుడు పసిదాని తల కూడా కదలలేదు.

మిల్లు మలుపులో ఆగాము. మైకు ఏదో చెప్పింది. ఆ పేరు కాదు కాబట్టి నేను ఊపిరి తీసుకోగలిగాను. అక్కడి నుంచి బయల్దేరాక బండి ఒక్కసారిగా మెల్లగా అయిపోయింది. నడిచి వెళ్ళేవాళ్ళు మనల్ని దాటిపోతున్నారు. ఎందుకో నాకు తెలిసింది. కిటికీలోంచి కిందికి చూశాను. నువ్వు రాసిన కొత్త రాళ్ళు కనిపించాయి. చూడగలిగాను.

అప్పుడు ముసలాళ్ళలో ఒకాయన రెండో ఆయనతో అన్నాడు. నాకు వినపడేంత గట్టిగా అన్నాడు, ఆయనకీ చెవుడే అనుకుంటాను. "ఈ డ్రైవరు ఇక్కడ రోజూ ఇంతే. ఇక్కడ పట్టా సరిగ్గా వేయలేదు కాబోలు" అన్నాడు.

లేచి నిలబడ్డాను నాయనా. పొడుగు నా చెయ్యి పట్టుకుంది. ఆయన మీద కోపం లేదు, బండి మెల్లగా పోతే ఎవరైనా అదే అనుకుంటారు. కానీ పొడుగు చెప్పింది, ఆ గోతికి అటు ఇటు ఉన్న అతుకులు రెండూ అది వేసినవేనట. ముందురోజు వేసిందట. వేలు పెట్టి రాస్తే ఎక్కడ అతికిందో తెలియదట.

ఒకసారి దాని పని బాగోలేదని రాశారు. మనం తుడిపించాం. ఇప్పుడు నువ్వు తెలియక మళ్ళీ ఆ మాట అనిపిస్తున్నావు, రోజూ, బండినిండా ఉన్న జనం చేత. నువ్వు ప్రేమతోనే చేస్తున్నావు. అయినా వద్దు. అక్కడ మామూలుగా పోనివ్వు.

నువ్వు నాకేమవుతావని అడిగి చాలా రోజులైంది. దానికి ఏ పేరు పెట్టాలో నాకూ తెలియదు. సెలవు దొరికినప్పుడు ఇంటికి రా. వచ్చేటప్పుడు నీ యూనిఫారం కోటు తెచ్చుకో. కుడిభుజం వెనకాల కుట్టు వదిలింది, సీట్లోంచి కనిపించింది. అలా తిరగకు.

అమ్మ


అద్దెగది
మంగళవారం

అమ్మా,

నెమ్మది చేస్తున్నానని నాకే తెలియదు. గురువుగారిని అడిగితే, "తెలుసు, చెప్పలేకపోయాను" అన్నాడు.

ఈ రోజు మొదటి ట్రిప్పు నాది. మిల్లు మలుపులో అందరూ ఎక్కాక తలుపులు మూసి, గంట కొట్టి, బయల్దేరాను. ఆ చోటు రాగానే చెయ్యి వేగం పిడిని వెనక్కి లాగబోయింది. లాగనివ్వలేదు. అద్దంలో చూస్తే ముందు సీట్లో ఒకావిడ ఒళ్ళో రుమాలు పరుచుకుని నారింజపండు ఒలుచుకుంటోంది. ఆ రాళ్ళు దాటి బజారు వచ్చేదాకా ఆవిడ తలెత్తలేదు. ఒక్క తొక్క కూడా కింద పడలేదు.

ఆదివారం వస్తున్నాను. కోటు తెస్తాను.